రేపటి తేదీ

గట్టయ్య గురించి ఒక్క పేజీ రాసివ్వమని వీరేందర్ మూడు రోజులుగా నా ప్రాణం తీస్తున్నాడు. వీరేందర్‌కు చౌరస్తాలో సైకిల్ రిపేరు షాపుంది. మా సైకిల్ దారి సాధన కమిటీకి కార్యదర్శి కూడా అతనే. రేపు పొద్దున సైకిల్ దారి ప్రారంభం. దండలు, శాలువాలు, మైకు అన్నీ ఉన్నాయి. ఆ మైకులో గట్టయ్య జీవిత పరిచయం నేను చదవాలి. "ఒక్క పేజీ చాలు సార్, జనం ఎండకు నిలవడరు" అని ముందే హెచ్చరించాడు.

నిన్న ఒకటి రాశాను. 'కష్టజీవి, నిగర్వి, సైకిలు మనుషుల పాలిటి వెలుగు' అని మొదలుపెట్టాను. ముప్పై నాలుగేళ్లు బొగ్గు గని టైం ఆఫీసులో గుమాస్తాగిరి చేసినవాడికి ఇలాంటి మాటలు అడక్కుండానే వస్తాయి. రిటైరైన ప్రతివాడికీ ఇవే రాసిచ్చాను, వాడెలాంటివాడైనా సరే. మా ఆవిడ సరస్వతమ్మ ఆ కాగితం చదివి, "అంత మంచిగనే ఉన్నది గని, అసలుది ఏది?" అంది. ఆమెకు తెలుసు. ఆమె ఒక్కతెకే చెప్పాను. కాగితం నా చేతిలో పెట్టి వంటింట్లోకి వెళ్లిపోయింది. నేను దాన్ని చింపేశాను.

ఇది రెండోసారి రాయడం. ఒక పేజీలో అయ్యేది కాదు. జనం ఎండకు నిలబడకపోతే కూర్చోనివ్వండి.

గట్టయ్యది మంథని దారిలో చిన్న పల్లె. మాది మంథని. ఆ లెక్కన ఇరుగుపొరుగు ఊళ్ల వాళ్లమే కాని, ఇద్దరం మొదట కలిసింది గోదావరిఖనిలో, టైం ఆఫీసు కిటికీకి చెరోపక్క. మా దగ్గర గనిని బాయి అంటారు. గట్టయ్య పంతొమ్మిదో ఏట బాయిలో బదిలీ ఫిల్లరుగా చేరాడు. ఫిల్లరంటే పేల్చిన బొగ్గును తట్టలకెత్తి టబ్బులో నింపేవాడు. బదిలీ అంటే పర్మనెంటు మనిషి నాగా పెడితేనే పని. రోజూ పద్నాలుగు కిలోమీటర్లు సైకిలు తొక్కి వచ్చి కిటికీ ముందు నిలబడేవాడు. నాగాలు లేని రోజు నేను తలెత్తకుండానే "పని లేదు, పో" అనేవాణ్ని. మళ్లీ పద్నాలుగు కిలోమీటర్లు తొక్కుకుంటూ పోయేవాడు. అతను ఒక్కనాడూ విసుక్కోలేదు. ఆ విసుగు కూడా నేనే పడేవాణ్ని.

తర్వాత పర్మనెంటయ్యాడు. మరి కొన్నేళ్లకు మైనింగ్ సర్దార్ పరీక్ష పాసయ్యాడు. సర్దార్ పనేమిటో చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. షిఫ్టు మొదలయ్యే ముందు అందరికంటే ముందు సర్దార్ లోపలికి దిగుతాడు. చేతికర్రతో పైకప్పును తట్టి చూస్తాడు. రాయి గట్టిగా ఉంటే ఒక రకం మోత, వదులుగా ఉంటే బోలు మోత. బాగుంటే అక్కడే సుద్దముక్కతో తన అక్షరం, ఆ రోజు తేదీ వేస్తాడు. బాగాలేకపోతే రెండు కర్రలు అడ్డంగా కట్టేస్తాడు. వెనకాల వచ్చే మనిషి ఎవర్నీ ఏమీ అడగడు. నెత్తి మీది దీపం వెలుగులో ఆ అక్షరం, తేదీ చూసుకుని పనిలోకి దిగుతాడు. చదువు రానివాళ్లు కూడా ఆ అంకెలు మాత్రం నేర్చుకునేవాళ్లు. ఇవాళ్టి తేదీ ఉందంటే ఇవాళ ఎవరో వచ్చి చూశారని, తను సాయంత్రం ఇంటికి పోతాడని అర్థం.

ఒక వానాకాలం లోపల దారిలో తొడల లోతు నీళ్లు నిలిచాయి. పని చోటికి గట్టయ్య వెళ్లలేకపోయాడు. వెళ్లలేదు కాబట్టి తేదీ వెయ్యలేదు. అరవై మంది పని లేక బాయి బయటే కూర్చున్నారు. నిన్న చూశావు కదా, నిన్న బాగున్నది ఇవాళ బాగుండదా అని వాళ్లే అతని మీద పడ్డారు. హాజరు మస్టర్ అంతా తిరగరాయాల్సి వచ్చిందని నేనూ నోటికొచ్చింది అన్నాను. గట్టయ్య నెమ్మదిగా, "చూడని తావుల నా అచ్చరం ఎట్ల ఏస్త పంతులూ" అన్నాడు. ఆ మాటకు ఆ రోజు నాకు ఒళ్లు మండింది. ఇప్పుడు తలుచుకుంటే వేరేలా మండుతుంది.

ఆ కాలంలో షిఫ్టు మారే సైరన్ మోగితే రోడ్డంతా సైకిళ్లే. హ్యాండిళ్లకు టిఫిన్ గిన్నెలు, నల్లబడ్డ మొహాలు, గంటల మోత. లారీవాడు పక్కకు ఆపుకుని మమ్మల్ని పోనిచ్చేవాడు. తర్వాత జీతాలు పెరిగాయి, సైకిల్ స్టాండు బైకుల స్టాండైంది, కార్లకు వేరే షెడ్డు వచ్చింది. నేను స్కూటర్ కొన్నాను. ఇప్పుడు సైకిలు తొక్కేది కాంట్రాక్టు వాళ్లు. ఊడ్చేవాళ్లు, తోటపని వాళ్లు, క్యాంటీన్ వాళ్లు, వాచ్‌మెన్లు. రోడ్డేమో ఓపెన్‌కాస్టు గనుల టిప్పర్లది, బూడిద లారీలది అయిపోయింది. పర్మనెంటు వాళ్లలో చివరిదాకా సైకిలు వదలనిది గట్టయ్య ఒక్కడే. రిటైరయ్యాక కూడా దాని మీదే తిరిగాడు.

ఒకరోజు క్యాంటీన్ మనిషి ఒకతను టిప్పరు గాలికే బెదిరి కాలువలో పడ్డాడు. దెబ్బలేం తగల్లేదు కాని టిఫినంతా పోయింది. గట్టయ్య అతన్ని లేపి, ఇంటికి దిగబెట్టి, నేరుగా నా దగ్గరికి వచ్చాడు.

"లోపట టబ్బులు తిరిగే తొవ్వ వేరు, మనిషి నడిచే తొవ్వ వేరు గదా పంతులూ. టబ్బు తొవ్వల మనిషి నడిస్తే చార్జిషీటు ఇస్తుంటిరి. మల్ల పైన గింత ఎలుగుల, టిప్పరు తొవ్వలనే సైకిలోడు పోవాలెనా? దీని మీద ఒక కాయితం రాయి."

మా ఉద్యమమంతా ఆ మాటే. దాన్ని నేను పదకొండు అర్జీలుగా రాశాను. ప్రతి ఆఫీసులోనూ కుర్చీ వేశారు, టీ ఇచ్చారు, నవ్వారు. ఇప్పుడు సైకిళ్లు ఎవరు తొక్కుతున్నారండీ అన్నారు. వీరేందర్ ఒక పొద్దున కల్వర్టు గోడ మీద కూర్చుని లెక్కపెట్టాడు. ఒక్క షిఫ్టుకు నాలుగు వందల పన్నెండు. ఆ లెక్క చూసి మళ్లీ టీ ఇచ్చారు.

ఏడాదిన్నర తిరిగాక గట్టయ్య, "రోడ్డు మనతోని కాదు గని, గీతనన్న గీస్తం" అన్నాడు. సున్నం బస్తాలు తెచ్చాడు. ఐదారుగురం కలిసి కాలనీ గేటు నుంచి బాయి మలుపు దాకా, మూడు కిలోమీటర్లు, రోడ్డు ఎడమ అంచున నాలుగడుగులు వదిలి తెల్ల గీత గీశాం. నా వంతు బకెట్టు పట్టుకోవడం. టిప్పరు డ్రైవర్లలో సగం మంది గీతను లెక్కచేశారు. మిగతా సగం మందికి అర్థమయ్యేలా వీరేందర్ చెయ్యడ్డం పెట్టి, హోటల్లో టీ తాగించి చెప్పాడు.

ఆ తర్వాత గట్టయ్య చేసిన పని మాలో ఎవరికీ తోచలేదు. రోజూ ఐదింటికే లేచి ఆ గీత పొడుగునా నడిచేవాడు. టిప్పర్లలోంచి జారిన బొగ్గు పెళ్లలు ఏరేవాడు, అంచు తెగిన చోట మట్టి పోసి తొక్కేవాడు. బాగుందనుకుంటే ఐదు చోట్ల, కరెంటు స్తంభాల మీద, మలుపు రాయి మీద, కల్వర్టు గోడ మీద, సుద్దముక్కతో 'గ' అని వేసి పక్కన ఆ రోజు తేదీ వేసేవాడు. బాగాలేకపోతే సున్నంతో రెండు అడ్డగీతలు. అంటే దిగి నడవమని. అసలు గుర్తే లేకపోయినా దిగి నడవాలి. ఎవరికీ విప్పి చెప్పాల్సిన అవసరం రాలేదు. ఆ సైకిళ్ల మీద ఉన్నవాళ్ల తండ్రులో మొగుళ్లో అందరూ బాయి దిగినవాళ్లే.

అలాంటివాళ్లలో ఒకతె సారక్క. ఆమె మొగుడు సదానందం పదకొండేళ్లు గట్టయ్య కింద పనిచేశాడు. నాలుగేళ్ల కింద దమ్ము జబ్బుతో పోయాడు. ఆమె బాయి ఆఫీసులో కాంట్రాక్టు కింద ఊడ్చే పని చేసేది. పొద్దున్నే షేర్ ఆటో దొరక్క రోజూ నడిచేది. నలభై ఆరేళ్ల మనిషికి సైకిలు నేర్పింది గట్టయ్యే. వీరేందర్ ఒక పాత లేడీస్ సైకిల్ బాగుచేసి ఇచ్చాడు. వారం రోజులు కాలనీ గ్రౌండులో గట్టయ్య వెనక క్యారియర్ పట్టుకుని పరుగెత్తాడు, ఆమె తిట్టుకుంటూ తొక్కింది. చీర మీద మొగుడి చొక్కా తొడుక్కుని, మొదటిసారి ఒంటరిగా మా ఇంటి ముందు నుంచి పోతూ గంట కొట్టిన రోజు మా ఆవిడ బయటికి వచ్చి చూసింది. "పంతులు సారూ, గీతల్నే పోతున్న చూడున్రి" అని సారక్క అరుచుకుంటూ పోయింది. అంత సంతోషంగా ఆ మనిషిని నేను అంతకుముందు చూడలేదు.

ఇప్పుడు ఆదివారం సాయంత్రం సంగతి.

మర్నాడు సోమవారం, పెద్దపల్లిలో కలెక్టరు జనం దగ్గర అర్జీలు తీసుకునే ప్రజావాణి. పన్నెండో అర్జీ ఈసారి అక్కడే ఇద్దామని అనుకున్నాం. నేనూ గట్టయ్యా వెళ్లాలి. నాకు ఎక్కడికైనా అందరికంటే ముందు పోయి కూర్చోవడం ఒక రోగం. ఆరింటి బస్సుకే పోదామన్నాను. ప్రజావాణి పదిన్నరకు మొదలవుతుంది. పెద్దపల్లి గంట దారి. ఎనిమిదింటి బస్సు సరిపోయేది. అది నాకు అప్పుడూ తెలుసు.

"మరి గీత ఎప్పుడు చూడాలె? ఐదింటికి మొదలువెడితే ఆరింటి బస్సు దొరకది" అన్నాడు గట్టయ్య.

అప్పుడు మేం కల్వర్టు దగ్గరే ఉన్నాం. ఆకాశం మబ్బుగా ఉంది. అతను ఆ సాయంత్రమే గీతంతా నడిచి చూశాడు, బాగానే ఉంది. నేను అన్నాను, "ఇప్పుడే చూసినవు గద. రేపటి తేదీ ఇప్పుడే వేసెయ్యి గట్టయ్యా. లేకుంటే వాళ్లంత దిగి నడుస్తరు, డ్యూటీకి లేటైతది. ఒక్క రాత్రిల రోడ్డు ఎటు పోతది?"

అతను కాసేపు సుద్దముక్క పట్టుకుని నిలబడ్డాడు. "ముంగటి తారీఖు నేనెన్నడు ఎయ్యలే పంతులూ" అన్నాడు.

"ఇది బాయి కాదయ్యా, రోడ్డు. నెత్తి మీద ఏం కూలుతది?" అన్నాను. నవ్వాను కూడా.

వేశాడు. కల్వర్టు గోడకు పైన చిన్న అంచు ఉంటుంది. వానకు చెరిగిపోకుండా ఆ అంచు కింద వెయ్యడం అతని అలవాటు. 'గ, 15-7' అని వేశాడు. మిగతా నాలుగు చోట్ల కూడా అదే వేసుకుంటూ నడిచాడు. నేను మాత్రం మర్నాడు కలెక్టరు ముందు ఏ వాక్యంతో మొదలుపెట్టాలో చెబుతూ నడిచాను.

ఆ రాత్రి జోరుగా వాన పడిందని పొద్దున వీధిలో నీళ్లు చూస్తే తెలిసింది. బస్టాండులో గట్టయ్య, "ఒకపారి కల్వర్టు చూసొస్త, మల్ల బస్సుకు పోదం" అన్నాడు. టికెట్టు తీసుకున్నాక ఏం చూస్తావయ్యా అని నేనే చెయ్యి పట్టుకుని ఎక్కించాను. ఏడున్నరకల్లా పెద్దపల్లిలో ఉన్నాం. కలెక్టరాఫీసు గేటుకు తాళం ఉంది. మూడు గంటలు అరుగు మీద కూర్చున్నాం.

మేం కూర్చున్నప్పుడే సారక్క డ్యూటీకి బయల్దేరింది. కల్వర్టు దగ్గర రోడ్డుకూ గోడకూ మధ్య పోసిన మట్టి రాత్రి వానకు జారిపోయింది. నడుము లోతు గుంత పడింది. పైన ఎర్రటి నీళ్లు నిండుగా నిలబడి సమంగా కనిపిస్తున్నాయి. ఆమె గోడ వైపు చూసింది. ఆ రోజు తేదీ ఉంది. దిగకుండా పోనిచ్చింది. ముందు చక్రం గుంతలో దిగబడి మనిషి రోడ్డు వైపు పడింది. వెనక టిప్పరు డ్రైవరు బ్రేకు వేశాడు కాని, తడి రోడ్డు మీద బండి ఆగలేదు. కుడి పాదం చక్రం కింద పడింది.

వీరేందర్ ఫోన్ చేసినప్పుడు మేం అర్జీ ఇచ్చి రసీదు తీసుకుంటున్నాం. గట్టయ్య రసీదు తీసుకోకుండానే బయటికి నడిచాడు. నేను తీసుకున్నాను. మడత పెట్టి జేబులో పెట్టుకున్నాను కూడా. ఆ అలవాటు నాకు ఎంత అసహ్యమో చెప్పలేను.

దవాఖానలో ఆమెకు సగం పాదం తీసేశారు. మూడో రోజు లోపలికి పోనిచ్చారు. గట్టయ్య మంచం పక్కన నిలబడ్డాడు, కూర్చోలేదు. సారక్కే మాట్లాడింది.

"నువ్వేం ఫికర్ వెట్టుకోకు అన్నా. నీ అచ్చరం ఉండె. ఆ దినం తారీఖే ఉండె, నేను చూసిన. తొవ్వ మంచిగనే ఉన్నట్టు. నేనే గీత దాటిన్నో ఏమో. నాదే తప్పు. సైకిల్ నాకెందుకు, ఈ వయసుల."

గట్టయ్య నోరు తెరిచాడు. నేను వెనక నుంచి అతని భుజం మీద చెయ్యి వేశాను. ఓదార్చడానికని అక్కడున్నవాళ్లు అనుకుని ఉంటారు. మాట్లాడవద్దని వేశాను.

ఆ తర్వాత అన్నీ వేగంగా జరిగాయి. పేపర్లలో వచ్చింది. చౌరస్తాలో ధర్నా అయింది, నాలుగు వందల సైకిళ్లు రోడ్డు మీద అడ్డం పడ్డాయి. నవ్విన ఆఫీసర్లే వచ్చి టేపు పట్టి కొలిచారు. పన్నెండు అర్జీలకు కదలని ఫైలు సారక్క పాదానికి కదిలింది. నేను పదమూడోది రాశాను. 'క్షేమంగా ఉన్న దారిలో, తన గీతలోనే వెళుతున్న నిరుపేద మహిళ' అని రాశాను. క్షేమంగా ఉన్న దారి అని రాసేటప్పుడు నా చెయ్యి ఆగలేదు. ఎన్నో రాసిన చెయ్యి.

"చెప్పాలె పంతులూ. ఆమె తనదే తప్పనుకుంటున్నది" అనేవాడు గట్టయ్య, కలిసినప్పుడల్లా.

"శాంక్షన్ కానియ్యి. ఇప్పుడు చెప్తే నేరమంత మన గీత మీద వేస్తరు. దారి పోతది. నాలుగు వందల మంది ఉన్నరు" అనేవాణ్ని నేను. అది అబద్ధం కాదు. కాని ఆ నాలుగు వందల మంది వెనక నేను దాక్కున్నాను. చెప్పడం మొదలుపెడితే రేపటి తేదీ వెయ్యమన్నది ఎవరనేది కూడా వస్తుందని నా భయం. నాలుగు నెలలు అతన్ని అలా ఆపాను. ఆ నాలుగు నెలలూ ఆమె తనను తానే తిట్టుకుంది.

నవంబరులో శాంక్షన్ ఆర్డరు వచ్చింది. మర్నాడు పొద్దున్నే గట్టయ్య మా ఇంటి ముందు సైకిలు ఆపి, "పా" అన్నాడు. ఎక్కడికని నేను అడగలేదు. అతను సైకిలు తోసుకుంటూ, నేను పక్కన నడుచుకుంటూ వెళ్లాం.

సారక్క చేతికర్ర సాయంతో లేచి, వద్దంటున్నా వినకుండా మాకు టీ పెట్టింది. ఒక్కో గ్లాసూ విడివిడిగా తెచ్చింది, రెండు చేతులూ ఖాళీ లేవు కాబట్టి. అంతసేపూ గట్టయ్య నేల చూస్తూ కూర్చున్నాడు. ఆమె కూర్చున్నాక చెప్పాడు.

"చెల్లే, నువ్వు గీత దాటలే. ఆ దినం పొద్దున నేను కల్వర్టు చూడలే. ఆ తారీఖు ముందటి పొద్దుమాపు ఏసిన. చూడకుంట ఏసిన. తప్పు నీది కాదు, నాది."

సారక్కకు వెంటనే అర్థం కాలేదు. "గదేంది అన్నా, సోమారం తారీఖే ఉండె, నేను చూసిన గద" అంది.

"ఐతారం ఏసిన. సోమారం తారీఖు ఐతారం నాడే ఏసిన."

ఆమె ఏడవలేదు, తిట్టలేదు. తిడితే బాగుండేది. గోడకు సదానందం ఫొటో ఉంది, దాని వైపు చూసింది. దాన్ని చూస్తూనే అడిగింది.

"మా మనిషి పదకొండేండ్లు నీ అచ్చరం చూసే లోపటికి పోయిండు. నాతోని చెప్పేటోడు, గట్టన్న తారీఖు ఉన్నదంటే ఇంట్ల కూసున్నట్టే అని. గప్పుడు గూడ గిట్లనే ఏసినవా?"

"లే చెల్లే. ఒక్కనాడు గూడ ఎయ్యలే. నా పిల్లల మీద ఒట్టు."

"ఎట్ల నమ్మాలె అన్నా" అంది సారక్క. కోపంగా కాదు, నిజంగా తెలియకే అడిగింది.

ఆ ప్రశ్నకు జవాబు నా దగ్గర ఉంది. తొడల లోతు నీళ్ల రోజున అరవై మంది తిడుతున్నా తేదీ వెయ్యని మనిషిని నేను కళ్లారా చూశాను. ఆ ఆదివారం అతను సుద్దముక్క పట్టుకుని ఎంతసేపు నిలబడ్డాడో చూసినవాణ్ని నేనొక్కణ్నే. 'వెయ్యమన్నది నేను సారక్కా, అతను వద్దన్నాడు' అంటే చాలు. జీవితమంతా నిజాయితీగా వేసిన తేదీలన్నీ ఆ ఒక్క మాటతో నిలబడేవి. సారక్క నా వైపు కూడా చూసింది, పెద్దమనిషి ఏమైనా అంటాడేమోనని.

నేను టీ తాగాను. గ్లాసు కింద పెట్టి, "దైవాధీనం" అన్నాను.

బయటికి వచ్చాక సందు మలుపులో అడిగాను, "నా పేరు చెప్పలేదేం గట్టయ్యా" అని.

"నీ పేరెందుకు పంతులూ. సుద్దముక్క నా చేతిల ఉండె" అన్నాడు, సైకిలు ఎక్కుతూ.

ఆ మాట విని నాకు బరువు దిగినట్టయింది. హాయిగా ఊపిరి పీల్చుకున్నాను. అరవై ఎనిమిదేళ్లు వచ్చాయి, ఇంత సిగ్గుమాలిన ఊపిరి ఎప్పుడూ పీల్చలేదు.

ఆ రోజు నుంచి గట్టయ్య గుర్తు వెయ్యడం మానేశాడు. పొద్దున్నే గీత పొడుగునా నడవడం మానలేదు. బొగ్గు పెళ్లలు ఏరతాడు, మట్టి పోస్తాడు, అంతే. సైకిళ్ల వాళ్లు ఐదు చోట్లా ఆగి, గోడలు చూసి, దిగి నడుచుకుంటూ పోయేవాళ్లు. ఎందుకెయ్యడం లేదని అడిగితే, "నా అచ్చరం ఇంక చెల్లది" అనేవాడు. ఏమైందో వాళ్లకు తెలియదు. సారక్క ఎవరికీ చెప్పలేదు. కాని అంతకుముందు ఏ పండగొచ్చినా గట్టయ్య ఇంటికి గిన్నె నిండా పంపే మనిషి, ఈ ఏడాది దేనికీ పంపలేదు. అతని సైకిలు గంట వినిపిస్తే గుమ్మంలోకి వచ్చేది, ఇప్పుడు రావడం లేదు. వీరేందర్‌తో ఆమె అన్నది ఒక్కటే, "నాకేం తెల్వది బిడ్డా" అని. రేపటి సభకు వస్తావా అని అడిగితే ఇచ్చిన జవాబు అది.

ఇప్పుడు అక్కడ సున్నం గీత లేదు. ఆ మూడు కిలోమీటర్లూ సిమెంటు గట్టు కట్టి, సైకిళ్లకు వేరే దారి పోశారు. కల్వర్టును వెడల్పు చేశారు. టిప్పరు ఆ గట్టు ఎక్కడం కుదరదు. చాలా బాగుంది. దాన్ని చూసినప్పుడల్లా నాకు ఒక పాదం గుర్తుకొస్తుంది. దాని వెనకే ఒక మనిషి పోగొట్టుకున్న పేరు గుర్తుకొస్తుంది. పాదాన్ని నేను తిరిగి ఇవ్వలేను.

అందుకని ఈ సాయంత్రం ఈ కాగితాలు తీసుకుని ముందు సారక్క ఇంటికే వెళుతున్నాను. గట్టయ్యను కూడా రమ్మన్నాను. ఎందుకో చెప్పలేదు. ఆమెకు అంకెలు తప్ప చదవడం రాదు, కాబట్టి నేనే చదివి వినిపించాలి. కల్వర్టు దగ్గర నేనన్న మాటలు వచ్చినప్పుడు గొంతు తగ్గించకూడదు. రేపు మైకులో కూడా ఇదే చదువుతాను, ఒక్క ముక్క తీయను. శాలువా ఎవరికి కప్పాలో, ఎవరికి కప్పకూడదో ఆ తర్వాత జనమే చూసుకుంటారు.

ఇందాక వీరేందర్ వచ్చాడు. ఎన్ని పేజీలైందో చూసి మొహం చిట్లించాడు. చదవలేదు, చివరి పేజీ మాత్రం తిప్పాడు. "కింద సంతకం వెట్టి రేపటి తేదీ ఏయున్రి సార్, ఫంక్షను రేపు గద" అన్నాడు.

ఇవాళ రాశాను. నా పేరు మొదటి అక్షరం, పక్కన ఇవాళ్టి తేదీ వేస్తున్నాను.

వా, 20-6.